దిగపహండిలో చేతితూకం

నెమ్మది సైకిలు పోటీలో అందరికన్నా ముందు గీత దాటి ఓడిపోయినవాణ్ణి నేను. ఆ పోటీలో చివర చేరినవాడిదే గెలుపు. క్యారమ్స్ జంటల పోటీకి వెళితే నా జతగాడు ఆ తరవాత చాలాకాలం మా కొట్టు ముందునుంచి నడవడమే మానేశాడు. ముగ్గుల పోటీకి మగవాళ్ళూ రావచ్చంటే వెళ్ళి, ముగ్గుపిండి నాణ్యం గురించి నిర్వాహకులతో తగువు పెట్టుకుని వచ్చాను. మోకాళ్ళ కోసం ఏదైనా ఆట పట్టమని డాక్టరు చెప్పింది మొదలు, విజయనగరంలో నా స్టీలు సామాన్ల కొట్టు ఆదివారం మూసి ఉంటుంది. ఆ రోజు నేనెక్కడో ఓడిపోతూ ఉంటాను.

ఈసారి పిలుపు బరంపురం నుంచి వచ్చింది. మా అప్ప సుభద్ర ఫోను చేసింది. మా వైపు అక్కని అప్ప అంటాం. మేం పుట్టి పెరిగింది బరంపురం బడా బజార్‌లోనే. నేను అత్తవారి వైపు వ్యాపారం చూసుకోవడానికి ఇల్లరికం లాగా విజయనగరం వచ్చేశాను గానీ, అప్ప ఆ సందులోంచి ఈ సందులోకి కోడలిగా వెళ్ళింది. బావ పోయాక కిరాణా కొట్టు తనే నడిపింది.

"ఒరే చిట్టీ, శనివారానికి దిగిపో. దిగపహండిలో సేతితూకం పోటీ ఎడతన్నారు. నువ్వూ నానూ కూకోవాల" అంది.

"ఫీజెంత?" అన్నాను.

"సచ్చినోడా, ఒంట్లో ఎలగుందని అడగవేటి ముందు?" అంది.

అడగవలసిందే. అంతకుముందు వానాకాలంలో అప్పకి పక్షవాతం తగిలి కుడిచెయ్యి పడిపోయింది. నెలలు గడిచాక చెయ్యి లేచింది గానీ వేళ్ళకి స్పర్శ పూర్తిగా రాలేదని విన్నాను. కొట్లో ఇప్పుడు కొడుకు గోపాలు కూర్చుంటున్నాడు. ఎలక్ట్రానిక్ కాటా కొన్నాడు. అప్ప లోపలింట్లో అప్పడాల పిండి పిసికేవాళ్ళ మీద అజమాయిషీ చేస్తోంది. గద్దె మీద కూర్చోకుండా మా అప్ప బతికే ఉందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

శనివారం ఉదయం ఆరున్నర దాటాక ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జనరల్ టికెట్టు. సీటు కిటికీ పక్కన దొరికింది, అంటే దొరికించుకున్నాను. పలాసలో జీడిపప్పు అమ్మే ఆవిడ పావుకిలో పొట్లం చూపించింది. బేరం ఆడుతూ ఆడుతూ సగం ధరకి దింపాను. రైలు కదిలింది. ఆవిడ పొట్లం విసిరి డబ్బులు లాక్కుంది. ఎదుటి సీట్లో కూర్చున్న రైల్వే పెన్షనరు ఒకాయన పొట్లం అందుకుని, చేత్తో ఎగరేసి చూసి, నవ్వాడు. "ధర సగమైతే సరుకు సగం ఉండాలి కదండీ. న్యాయంగానే ఇచ్చింది."

ఇచ్ఛాపురం దాటాక స్టేషన్ల పేర్లు ఒడియాలోకి మారతాయి. చాయ్‌వాలా గొంతు మారుతుంది. మాటలు మాత్రం రెండు భాషలూ కలిసే వినిపిస్తాయి. పదిన్నరకి బరంపురంలో దిగాను. బయట రిక్షా అతనితో ఒడియాలో బేరం మొదలుపెట్టాను. అతను తెలుగులో ముగించాడు: "బావూ, మీ బేరం తెగేసరికి నడిసి ఎలిపోవొచ్చు." నడిచే వెళ్ళాను. మోకాళ్ళకి మంచిదన్నారు.

బడా బజార్‌లో పసుపూ ఎండుమిరపా వాసన సందు మొదట్లోనే ముక్కుకి తగిలింది. కొట్టు ముందు గోపాలు లేచి "రా మావా" అన్నాడు. నలభై దగ్గర పడుతున్న మనిషి, తండ్రి పోలిక. పక్కన కొత్త కాటా, ఎర్రటి అంకెలు. లోపల అప్ప పీట మీద కూర్చుని ఉంది. జీడిపప్పు పొట్లం ఇచ్చాను. కుడిచేత్తో అందుకుంది. ఒక్క క్షణం ఆగి, ఎవరూ చూడనట్టు ఎడమచేతిలోకి మార్చుకుంది. నేను గోడమీద దేవుడి పటం చూస్తున్నట్టు నిలబడ్డాను.

"పావు లేదురా ఇది. ఎవులో నిన్ను బాగానే తూసినారు" అంది.

మా అప్ప చేతి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఒకప్పుడు ఈ బజారులో ఆవిడ చేత్తో తీసి పొట్లం కడితే తూచమని అడిగేవాళ్ళు లేరు. దోసిలితో బియ్యం తీసి కాగితం మీద పోసేది, అంతే. ఇంకో పద్ధతి కూడా ఉండేది. అన్ని కొట్లలోనూ తూకం అయ్యాక కొనేవాడు కొసరు అడుగుతాడు, అమ్మేవాడు విసుక్కుంటూ చిటికెడు వేస్తాడు. మా అప్ప కొట్లో కొసరు ఎవరూ అడగరు. ఆవిడ తీసేటప్పుడే కలిపి తీస్తుంది. "అడిగించుకుని ఏస్తే అది కొసరు కాదురా, ముష్టి" అనేది. కొసరు ఇవ్వడం కన్నా పుచ్చుకోవడంలో ఆరితేరిన నాకు అది శుద్ధ నష్టంగా కనిపించేది.

మధ్యాహ్నం పప్పూ ఆవకాయా వేయించిన అప్పడాలూ తిని లేవగానే అసలు సంగతి బయటపడింది. నన్ను పిలిచింది పోటీకి మాత్రమే కాదు, మధ్యవర్తిగా. తల్లీ కొడుకుల మధ్య ఒప్పందం కుదర్చాలి.

"నా సెయ్యి పోటీలో నిలబడితే గద్దె నాది. నిలబడకపోతే కొట్టు తాళాలు ఈడికిచ్చేస్తాను, మరి ఆ గడప తొక్కను" అంది అప్ప.

"నిలబడ్డమంటే ఏటమ్మా? మొదటి బహుమతే రావాల" అన్నాడు గోపాలు.

"పోటీలో కూకుంటే సాలు నిలబడినట్టే."

నేను గొంతు సవరించుకున్నాను. ఇలాంటి చోట్లే నా విద్య పనికొస్తుంది. అరగంట అటూ ఇటూ లాగి మొదటి ముగ్గురిలో రావాలన్న దగ్గర తెగ్గొట్టాను. ఇద్దరూ సరేనన్నారు. ఇద్దరి మొహాల్లోనూ సంతోషం లేదు. మంచి బేరానికి అదే గుర్తని మా నాన్న అనేవాడు. ఆ రోజు ఎందుకో ఆ మాట రుచించలేదు.

ఆదివారం ఎనిమిది గంటలకి బస్టాండులో బరా, ఘుగుని తిన్నాం. గారె మీద శనగల కూర పోసి ఇస్తారు. వెళ్ళేవాళ్ళు తప్పకుండా తినండి, రెండో గరిటె కూర అడిగితే ఊరికే పోస్తారు. దిగపహండి బస్సు గంట పైన పడుతుంది. ఊరు దాటగానే పొలాలు, దూరంగా కొండలు, దారి పొడుగునా ఎక్కి దిగే కూరగాయల బుట్టలు. అప్ప ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. ఆవిడ వెనక సీట్లో గోపాలూ నేనూ, మా పక్కన సన్నటి మనిషి ఒకాయన. కంసాలి అట, పేరు జగన్నాథం, ఆయన వచ్చేదీ పోటీకే.

"నెల్రోజులై ఇంట్లో బియ్యం తోడతన్నాను. మా ఇంటావిడ బియ్యం డబ్బాకి తాళం ఏసీసింది" అన్నాడాయన.

"బంగారం తూచే చేతికి బియ్యం తెలుస్తుందా?" అన్నాను.

"తెలవదు బావూ. అందుకే నేర్సుకున్నాను. ఊరికే, సరదాకి."

గోపాలు తల్లికి వినపడకుండా నా చెవి దగ్గరికి వంగాడు.

"నన్ను పాపిష్టోణ్ణి సూసినట్టు సూడకు మావా. గద్దె మీద మోజు కాదు. ఆ రోజు కొట్టు నిండా జనం. అమ్మ సేతిలోంచి పసుపు పొట్లం జారిపోయి ఒకావిడ సీరంతా పసుపైపోయింది. అమ్మ గబుక్కున ఆ సెయ్యి పమిట కింద దాసీసుకుంది. నాను సూడలేకపోయినాను."

బేరం కుదిర్చేటప్పుడు రెండు పక్షాలూ ఏం దాచుకున్నాయో తెలుసుకోవాలి. నిన్న నేను ఆ పని చెయ్యలేదు.

సంత పక్కనే షామియానా. వర్తకుల కుర్రకారు ఏడాదికోసారి పెట్టే ఆటలివి. పద్దెనిమిది దాటిన ఎవరైనా పది రూపాయలు కట్టి కూర్చోవచ్చు. ఆడా మగా తేడా లేదు, ఊరి వాళ్ళే కావాలనీ లేదు. ఒకవైపు తాడు లాగుడు, ఒకవైపు గుండు ఎత్తడం, నలభై దాటినవాళ్ళకి నెమ్మది సైకిలు. దాన్ని చూసి మొహం తిప్పుకున్నాను. చేతితూకానికి కింద పరిచిన పరదా మీద మూడు కుప్పలు: బియ్యం, కందిపప్పు, చింతపండు. ఒక్కోదాంట్లోంచి చేత్తో కిలో తీసి పొట్లం కట్టాలి. దారం ముడి పడ్డాక మళ్ళీ విప్పడానికి లేదు. మూడింటి తేడాలూ కూడి, తక్కువ తేడా ఉన్నవాడిది గెలుపు. మొదటి బహుమతి ప్రెషర్ కుక్కరు. అలాంటివి నా అటక నిండా ఉన్నాయి. అయినా దాన్ని చూడగానే గెలవాలనిపించింది.

నా వంతు ముందు వచ్చింది. బియ్యం తీశాను. చేతిలో బరువుగానే ఉంది. కాటా మీద పెడితే కిలోకి బాగా తక్కువ. పప్పు ఇంకా తక్కువ. చింతపండు దగ్గర జాగ్రత్తపడి ఇంకాస్త తీశాను. అదీ తక్కువే. మైకు పట్టుకున్న ఒడియా కుర్రాడు తెలుగులో అందుకున్నాడు: "విజయనగరం షావుకారు గారి కొట్టుకి ఎవరూ ఎల్లకండి!" షామియానా అంతా నవ్వింది. గోపాలు కూడా నవ్వాడు. మూడుసార్లూ ఒకేవైపు తప్పిన చెయ్యిని నేనే వింతగా చూసుకున్నాను.

జగన్నాథం వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గింజ గింజా లెక్కపెడుతున్నట్టు పోశాడు. బియ్యం మూడు గ్రాములు తప్పింది. పప్పూ చింతపండూ కూడా అంతే దగ్గరగా వచ్చాయి. చప్పట్లు.

తరవాత అప్ప.

కుడిచెయ్యి చాపి బియ్యం కుప్పలో ముంచింది. వేళ్ళ సందుల్లోంచి కొన్ని గింజలు జారాయి. వెనకనుంచి ఎవరో "అయ్యో" అన్నారు. ఆవిడ కళ్ళు మూసుకుంది. మోచెయ్యి కొంచెం పైకీ కిందకీ ఆడించింది. పోసింది, ఇంకోసారి తీసింది, మళ్ళీ పోసింది. దారం కట్టడానికి పళ్ళ సాయం తీసుకుంది. "మావుసీ, టైము!" అన్నాడు మైకు కుర్రాడు. పిన్నిని వాళ్ళు అలాగే పిలుస్తారు.

కాటా మీద కిలో పైన నలభై గ్రాములు. ఎక్కువ. పప్పు పొట్లమూ ఎక్కువే, నలభై. చింతపండు దగ్గర జనం మెడలు చాపి చూశారు. అదీ ఎక్కువే. అప్ప అంకెల వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. నా సొంత ఓటమి అవమానమే ఇంకా మండుతోంది. ఆ అంకెలు నాతో ఏదో చెబుతున్నాయని తోచనే లేదు.

ముగ్గురి పేర్లు చదివారు. మొదటిది జగన్నాథానిది. అప్ప పేరు లేదు. కుక్కరు చంకన పెట్టుకుని ఆయన మా దగ్గరికి వచ్చాడు. "నీ సెయ్యి సూసినాను అమ్మా. ఎక్కువేసి పోగొట్టుకున్నావు. మా పన్లో ఎక్కువెయ్యడం అన్నదే ఉండదు కదా, నాకు ఆ ఇబ్బంది నేదు."

"పుణ్యాత్ముడివి, మీ ఇంటావిడికి ఈ కుక్కరిచ్చి డబ్బా తాళం అడుగు" అంది అప్ప. నవ్వుతూనే అంది.

తిరుగుబస్సులో ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కున్నాం. ఊళ్ళోకి వస్తుండగా అప్ప నడుముకి దోపుకున్న తాళాలగుత్తి తీసి గోపాలు ఒళ్ళో పెట్టింది.

"ఇప్పుడెందుకమ్మా ఇయ్యి?"

"మాటంటే మాట. నీ మావయ్య తెంపిన బేరం."

"అప్పా, ఇంకోసారి మాట్లాడుకుందాం..." అన్నాను.

"కుదిరిన బేరం మీద మళ్ళీ బేరమాడేవాడు వర్తకుడు కాదని నాన్న సెప్పలేదేట్రా నీకు?"

చెప్పాడు. నేనే చాలాసార్లు మరిచిపోయాను. గోపాలు తాళాలు చొక్కా జేబులో వేసుకున్నాడు. బస్సు కుదుపుకి అవి చప్పుడు చేసినప్పుడల్లా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

నా తిరుగురైలు సోమవారం మధ్యాహ్నం. పదకొండు గంటలకి సంచీ సర్దుకుని కొట్టు దగ్గర కూర్చున్నాను. గోపాలు గద్దె మీద ఉన్నాడు. ఆర్యపల్లి నుంచి చేపలు తెచ్చి బజార్లో అమ్ముకునే నూకాలమ్మ ఖాళీ గంపతో వచ్చింది. బస్సెక్కే ముందు ఇంటి సరుకులు ఇక్కడే కొనుక్కోవడం ఆవిడకి ఎన్నో ఏళ్ళ అలవాటు. కిలో చింతపండు అడిగింది. గోపాలు కాటా మీద పెట్టాడు. అంకె కిలో దాటింది. ఒక రెబ్బ వెనక్కి తీశాడు. సరిగ్గా కిలో.

నూకాలమ్మ పొట్లం ముట్టుకోలేదు.

"తీసీసినావేటి బావూ? ఈ కొట్లో తియ్యడం నానెప్పుడూ సూడనేదు."

గోపాలు ఆ రెబ్బ మళ్ళీ వేశాడు.

"అడిగితే ఏసినావు. ఈ కొట్లో కొసరు అడగాల్సి వొచ్చిందేటి ఇన్నాళ్ళకి!" అని లోపలికి తొంగిచూసింది. "ఓలమ్మా సుభద్రమ్మా, ఉన్నావా, పోయినావా?"

"నువ్వు రాకుండా ఎలాగెల్తానే" అంటూ అప్ప బయటికి రాబోయింది. గడప అవతలే ఆగిపోయింది. గడప తొక్కనన్న మొన్నటి మాట గుర్తొచ్చింది కాబోలు.

గోపాలు తను వేసిన రెబ్బ తీసేశాడు. కాటా మళ్ళీ కిలో చూపించింది. చింతపండు బుట్ట గడప దగ్గరికి జరిపాడు. "కొసరు నువ్వెయ్యమ్మా" అన్నాడు.

అప్ప వంగి కుడిచేత్తో చింతపండు తీసింది. కాటా వైపు చూడలేదు. నూకాలమ్మ కోడలికి నెలలు నిండాయా అని అడుగుతూ, ఆ పిడికెడూ గోపాలు చాపిన కాగితంలో వేసింది. గోపాలు దాన్ని పొట్లంలో కలిపాడు. ఎర్ర అంకెలు కదిలి ఆగాయి. కిలో, నలభై.

గోపాలు వంగి ఆ అంకె మళ్ళీ చదివాడు.

"అమ్మా, నిన్న బియ్యం ఎంత ఎక్కువొచ్చింది?"

"ఇంకా ఆ పుండు గెలకడమెందుకురా? నలభయ్యట."

"పప్పు?"

"అదీ అంతే. సింతపండూ అంతే. మూడుసార్లూ తప్పినాను కదా, ఊరందరి ముందూ."

"తప్పనేదమ్మా" అన్నాడు గోపాలు. కాటా మీది అంకె చూపించాడు. "ఆళ్ళు కిలో అడిగినారు. నువ్వు మన కొట్టు కిలో ఏసినావు."

అప్పుడు తెలిసింది నాకు. బియ్యం ఒక రకం బరువు, చింతపండు ఇంకో రకం జిగురు. రెండింట్లోనూ స్పర్శ లేని చెయ్యి ఒకే నలభై వేసింది. చెయ్యి వణికితే ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా రావాలి. మధ్యవర్తినై ఉండి నేను చూసింది కిలో వరకే.

"నీకు వేళ్ళకి తెలుస్తోందా అప్పా?" అన్నాను.

"ఏళ్ళకి తెలవదురా. మోసేతికి తెలుస్తాది. బరువు అక్కడ కూకుంటాది."

గోపాలు గద్దె దిగాడు. జేబులోంచి తాళాలు తీసి తల్లి ముందు చాపాడు, ఎడమచేతికి కాదు, కుడిచేతికి. అప్ప నా వైపు తిరిగింది. "మద్దివర్తీ, మొదటి ముగ్గురిలో నాను రానేదు కదా. ఏటంటావు?"

"తక్కువ తూచే చెయ్యి నాది. నా తీర్పు ఎవరికి కావాలి? నువ్వూ గోపాలే తేల్చుకోండి" అన్నాను. జన్మలో మొదటిసారి ఒక బేరంలోంచి తప్పుకున్నాను.

"కాటా మాత్రం తియ్యను" అన్నాడు గోపాలు. "పెద్ద బస్తాలు నువ్వు ముట్టుకోకు. తూకం నాను సూస్తాను. కొసరు నీది, గద్దె నీది."

అప్పకి ఏ బేరమైనా మొదటి మాటకే ఒప్పుకోవడం నామోషీ. "పసుపు కూడా నానే కడతాను" అంది.

"కట్టు."

తాళాలు అందుకుంది. గుత్తి చేతిలో కొంచెం జారింది. బొటనవేలు వంచి ఆపుకుంది. ఈసారి ఆ చెయ్యి పమిట కిందకి వెళ్ళలేదు. నూకాలమ్మ గంప ఎత్తుకుంటూ "మీ యవ్వారం తెగిందా? నా బస్సు ఎలిపోతాది" అంది.

రైలు అరగంట ఆలస్యంగా వచ్చింది. దిగపహండి ఆటలకి వెళ్ళదలచినవాళ్ళు ముందురోజే బరంపురం చేరుకోవడం మంచిది. పొద్దున్నే బస్సులో సీటు దొరుకుతుంది, తిరుగుబస్సులో ఎవరి మీదో కూర్చోక తప్పదు. మంచినీళ్ళు తీసుకెళ్ళండి. నేను ఇన్ని పోటీల్లో ఓడిపోయాను గానీ, ఓడిపోయి ఇల్లు చేరినవాళ్ళ తరవాతి రోజు ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆగి చూడలేదు. నా మటుకు నా చెయ్యి ఎటు మొగ్గుతుందో పది రూపాయలకి తెలిసింది. దాన్ని సరిచేసుకోవాలంటే ఎంతవుతుందో ఇంకా లెక్క తేలలేదు.

పలాసలో జీడిపప్పు ఆవిడ కనిపించలేదు. కనిపిస్తే బేరమాడకుండా ఉండేవాణ్ణని చెప్పలేను.

అప్ప మా ఇంటావిడ కోసం చింతపండు పొట్లం కట్టి ఇచ్చింది, గద్దె మీద కూర్చుని. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. శ్రీకాకుళం రోడ్డు దాటాక పక్కాయన అది కాసేపు చేత్తో పట్టుకుని, "మంచి సరుకులా ఉంది. ఎంతుంటుందండీ, కిలో పైనే కదా?" అన్నాడు.

"లేదండీ," అన్నాను. "కిలోయే."